మంగళవారం ఉత్తర ప్రయాణం

పోయిన నెల ఒక మధ్యాహ్నం, ప్రొద్దుటూరులో నేను లెక్కలు చూసే బట్టల కొట్టులో చీరలు మడతపెట్టే సరోజ నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది. బ్రహ్మంగారిమఠం అవతలి పల్లెలో ఉండే ఆమె అక్క కూతురికి రక్తంలో క్యాన్సరు అని తేలిందట. కర్నూలులో పెద్దాసుపత్రికి బుధవారం పొద్దున్నే రమ్మన్నారట. "బుధవారం ఆడుండాలంటే మంగళవారమే బయల్దేరాల గదక్కా. మంగళవారం ఉత్తరానికి వారశూల, పోగూడదు అంటాండాడు మా బావ. వచ్చే నెల పోతే ఏమన్నా అయితాదా?" అని అడిగింది. నాకు పంచాంగం వచ్చునని కొట్టులో అందరికీ తెలుసు. నేను పంచాంగం తియ్యలేదు. "మీ అక్కోళ్లు ఎన్ని బస్సులు మారాల? మీ బావ ఏం పని చేస్తాడు?" అని అడిగాను. సరోజ వింతగా చూసింది. ఆ సాయంత్రంలోగా చెయ్యవలసింది చేశాము. మంగళవారమే వాళ్లు బయల్దేరారు, బుధవారం బిడ్డకు మందు ఎక్కింది. "శూల గురించి అడిగితే బస్సుల గురించి అడిగితివేందక్కా?" అని సరోజ తరువాత నిలదీసింది. కొట్టులో కూర్చుని చెప్పే కథ కాదు అది. ఇక్కడ రాస్తున్నాను.

మాది జమ్మలమడుగు. మా నాన్న పురోహితుడు. పొద్దున్నే ఆయన స్నానం, సంధ్య ముగించి వసారాలో చాప మీద కూర్చునేసరికి నలుగురైదుగురు చెప్పులు బయట విడిచి నిలబడి ఉండేవారు. బోరు ఎప్పుడు వెయ్యాలి, ఎద్దులను ఎప్పుడు కొనాలి, బిడ్డకు చెవులు ఎప్పుడు కుట్టించాలి, ఫలానా ఊరికి ఏ పూట బయల్దేరాలి. పంచాంగం అట్టకు ముక్కుపొడి, కర్పూరం కలిసిన వాసన ఉండేది. నాన్న వేళ్ల కణుపుల మీద బొటనవేలు నడిపిస్తూ పెదవులు కదుపుతూ లెక్క వేసేవాడు. నేను గడప లోపల బియ్యం ఏరుతూ ఆ లెక్క వినేదాన్ని. రోజుకు అరవై ఘడియలు, ఘడియకు అరవై విఘడియలు. బడిలో వందల్లో కూడిక సరిగ్గా రాకముందే నాకు అరవైల్లో కూడిక వచ్చేసింది. కొన్నాళ్లకు నాన్న కంటే ముందే జవాబు గొణిగేదాన్ని. ఆయన విననట్టే ఉండి, ఇంకో రెండు కణుపులు లెక్కపెట్టి, నేను చెప్పిన అంకే పైకి చెప్పేవాడు. మెచ్చుకోలు అంటే మా ఇంట్లో అంతే.

నా చెల్లెలు రత్నకు అప్పుడు తొమ్మిదేళ్లు, నాకు పదహారు. ముందు జ్వరం వచ్చింది. తగ్గింది, మళ్లీ వచ్చింది. మోకాళ్ల కింద దెబ్బ తగలకుండానే నల్లటి మచ్చలు. ఎముకలు నొప్పి అని ఏడిస్తే మా అవ్వ రోజూ ఆముదం వెచ్చచేసి రుద్దేది. ప్రొద్దుటూరులో డాక్టరు రక్తం పరీక్ష చేయించి, కాగితం మడిచి నాన్న చేతిలో పెట్టి, ఇంటికి కూడా పోకుండా హైదరాబాదుకు పొమ్మన్నాడు. అమ్మా నాన్నా ఆ పిల్లతో నెల పైన అక్కడే ఉన్నారు. తిరిగి వచ్చేటప్పటికి రత్న తల మీద ఒక్క వెంట్రుక లేదు. వీధిలో వాళ్లు "తిరపతి పోయొస్తిరా, మాకు చెప్పనే లేదే" అన్నారు. అవ్వ అవునంది. మొక్కు తీర్చుకోవడం గౌరవం, జబ్బు కాదు.

అక్కడి డాక్టరమ్మ చెప్పిన మాట నాన్న ఇంటికి వచ్చి మాకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. "మందు నేనిస్తాను. రావడం మీరివ్వాలి. ఈ రెండింట్లో ఏది తగ్గినా పాప దక్కదు." మూడేళ్లు, మూడు వారాలకు ఒక బుధవారం. బుధవారం పొద్దున్నే రక్తం చూసి, అది బాగుంటేనే మందు ఎక్కించేవారు. నేను పదో తరగతితో బడి మానేశాను. అమ్మ ఆసుపత్రికి పోతే అవ్వనూ ఇంటినీ చూసేవాళ్లు కావాలి కదా. మంగళవారం పొద్దున పులిహోర పోపు వాసన వస్తే ప్రయాణమని తెలిసేది. రత్న నోరంతా పుండ్లు పడేది కాబట్టి ఆమెకు వేరే గిన్నెలో పాలల్లో నానబెట్టిన అన్నం. కారం లేకుంటే ముద్ద దిగని ఇంట్లో ఆ మూడేళ్లూ మేమెవరమూ రత్న ముందు ఊరగాయ జాడీ మూత తియ్యలేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మంగళవారం ఉత్తర దిక్కుకు శూల. హైదరాబాదు మాకు ఉత్తరం. ఊరందరికీ మంగళవారం ఉత్తరం పోవద్దని చెప్పే మనిషి, తన బిడ్డను మంగళవారం ఉత్తరానికి ఎట్లా తీసుకుపోతాడు? మొదటిసారి సోమవారమే బయల్దేరారు. ఒక రోజు అదనంగా సత్రంలో దోమల మధ్య ఉండి, రత్నకు విరేచనాలు పట్టుకున్నాయి. రెండోసారి శూల దాటేదాకా ఆగి శుక్రవారానికి చేరారు. "బుధవారం అంటే బుధవారమే పంతులుగారూ, జబ్బు మీ పంచాంగం చూస్తుందా?" అని డాక్టరమ్మ అందరిముందూ అడిగిందట. నాన్న ఆ మాట మాకు చెప్పలేదు, అమ్మ చెప్పింది. రెండు రోజులు ఆయన వసారాలోకి రాలేదు.

దారి చూపింది మా అవ్వ. "ఏమిరా, ఊరందరికీ చెప్తావు, నీకు పరస్తానం గుర్తు రాలేదా?" అంది. మంచి ఘడియలో ప్రయాణం కుదరకపోతే, ఆ ఘడియకు మన గుడ్డ ఒకటి మూటగట్టి వేరే ఇంట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే లెక్క. తరువాత ఏ రోజు కదిలినా దోషం లేదు. మాకు ఉత్తరం పక్క ఇల్లు దర్జీ సాయబుది. సోమవారం మంచి ఘడియ చూసి అవ్వ రత్న పరికిణీ ఒకటి, గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము మూటగట్టి సాయబు భార్య బీబమ్మకు ఇచ్చింది. మంగళవారం బస్సుకు పోతూ ఆ మూట తీసుకున్నారు. బీబమ్మ నవ్వు మనిషి. "నీ మనవరాలు నిన్ననే వచ్చె గదవ్వా మా ఇంటికి. కూడు తినమంటే పలకలా, మూతి ముడుచుకోని మూల కూర్చునింది" అనేది ప్రతిసారీ. అవ్వ కూడా ప్రతిసారీ, "ఏం జేస్తాం బీబమ్మా, సిగ్గు ఎక్కువ మా పిల్లకు" అనేది.

ఆసుపత్రిలో ఓబన్న పరిచయమయ్యాడు. పులివెందుల అవతల, వాన చూసి విత్తే పల్లె. రెండెకరాల శెనక్కాయ చేను, మిగతా రోజులు భార్యాభర్తలకు కూలి. అతని కూతురు లచ్చిమిది రత్న ఈడే, అదే జబ్బు, అదే మందు. ఒకే వైపు వాళ్లం కనుక వరండాలో పక్కపక్కనే కూర్చునేవారట. ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి ఒకాయన కొడుక్కూ అదే జబ్బు. ఆయన ఆసుపత్రి వెనక వీధిలోనే ఇల్లు అద్దెకు తీసుకుని, భార్యనూ పిల్లవాణ్ణీ అక్కడే ఉంచాడు. వాళ్లకు ఆసుపత్రి నడిచేంత దూరం. మాకు రెండు బస్సులు, మూడు రోజులు. ఓబన్నకు పల్లె నుంచి రోడ్డుకు రెండు మైళ్ల నడక, ఆపైన నాలుగు బస్సులు, రెండు కూలీల చొప్పున మూడు రోజులు. కిలోమీటర్లలో చూస్తే మా ఊరికీ అతని ఊరికీ తేడా గట్టిగా ఒక పూట ప్రయాణమే. కానీ దూరం కిలోమీటర్లలో ఉండదని నాకు అప్పటికి తెలియదు.

ఓబన్న ఒకసారి ఆ వరండాలోనే నాన్నను అడిగాడట, "సామీ, మంగళవారం ఉత్తరం పోవచ్చునా?" అని. నాన్న అలవాటుకొద్దీ, అడిగిన ప్రతివాడికీ చెప్పినట్టే, "శూలప్పా, పోగూడదు" అని, ఆ వెంటనే నర్సు పిలిస్తే లేచి వెళ్లిపోయాడు. పరస్తానం సంగతి చెప్పనే లేదు. తరువాతి బుధవారం నర్సు లచ్చిమి పేరు మూడుసార్లు పిలిచింది. ఎవరూ పలకలేదు. "మీ వైపు వాళ్లే కదా, ఎందుకు రాలేదు?" అని డాక్టరమ్మ నాన్నను అడిగింది. "ఈ పాప ఇంకో రెండు వారాలు రాకుంటే నేను మొదటినుంచి మొదలుపెట్టాలి. అప్పుడు ఆ మందు పనిచేస్తుందని నేను చెప్పలేను." నాన్న ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కోకుండానే అవ్వతో అన్నాడు, "ఆ బిడ్డను నేనే ఆపినానమ్మా. నా నోటితో ఆపినా."

మరునాడే బయల్దేరాడు. బస్సుల వేళలు నాకు కంఠతా కాబట్టి నన్ను వెంట తీసుకున్నాడు. ముద్దనూరులో మారి, పులివెందులలో మారి, రోడ్డు మీద దిగి ఎండలో నడిచాము. ఓబన్న గుడిసె ముందర పెరికిన శెనక్కాయ కుప్ప పోసి ఉంది, పచ్చిమట్టి వాసన. లచ్చిమి చూరు కింద దుప్పటి కప్పుకుని కూర్చుని, ఒక్కొక్క కాయ తుంచి చేటలో వేస్తూ ఉంది. మమ్మల్ని చూసి ఓబన్న గాభరాగా మంచం వాల్చాడు. నాన్న కూర్చోలేదు.

"ఓబన్నా, మంగళవారం ఉత్తరం పోగూడదని నేను చెప్పిన మాట తప్పు. ఆ మాట వాపసు తీసుకుంటాండా. నువ్వు ఏ వారమైనా పో."

నాన్న ఇంకొకరితో తన మాట తప్పని చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. ఓబన్న నేల చూస్తూ "అట్లే సామీ" అన్నాడు.

"అట్లే అంటే చాలదు. రేపే కదులు."

"రేపా... తిథి ఎట్లుండాదో సామీ."

"తిథి చూసినా. శానా బాగుండాది."

"పాప నచ్చత్రానికి..."

"నక్షత్రం ఇంకా బాగుండాది."

"వర్జ్యం గిర్జ్యం ఏమన్నా..."

"వర్జ్యం తెల్లారకముందే పోతాది. ఇంకేముండాదో అడుగు!"

జీవితమంతా ఆటంకాలు చూపించిన మనిషి ఒక్కొక్కటే తీసేస్తుంటే, ఎన్నడూ పంచాంగం ముట్టని మనిషి కొత్తవి వెతుకుతున్నాడు. నాకు నవ్వు వచ్చింది కూడా. అప్పుడు ఓబన్న భార్య ఈరమ్మ చేతిలో చేట కింద పెట్టింది.

"ఏంది ఆ నసుగుడు? సామీ, మా ఇంట్లో శూలా లేదు గీలా లేదు. ఇద్దరం మూడు దినాలు పోతే ఆరు కూలీలు పాయె. మేకనమ్మి రెండుసార్లు పోతిమి. ఇంగ మేక యాడుండాది?"

"నోరు ముయ్యే!" అన్నాడు ఓబన్న. తరువాత కాయలు చూస్తూ మెల్లగా అన్నాడు. "డాక్టరమ్మ కాడ నిలబడి దుడ్లు లేవమ్మా అంటే బిచ్చమడిగినట్లుంటాది సామీ. శూలుండె, రాకపోతి అంటే మనిషి చెప్పిన మాట మాదిరుంటాది. అందుకే మిమ్మల్ని అడిగితి. మీ పేరు చెప్పుకుందామని."

నాన్న మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆయన ముఖంలో ముందు కనిపించింది సిగ్గు కాదు, ఊరట. బిడ్డను ఆపింది తన మాట కాదని. ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. తన మాటైతే వాపసు తీసుకోవచ్చు. దీన్ని ఎట్లా తీసుకుంటాడు? నా వైపు తిరిగి, "అమ్మాయీ, లెక్క చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఇప్పుడు రెండిళ్ల నుంచీ ఇద్దరిద్దరు పెద్దవాళ్లు పోతున్నారు. ఇద్దరు పిల్లలకూ ఒక్క పెద్ద మనిషి చాలు. ఒకసారి మా ఇంటివాళ్లు ఇద్దరినీ తీసుకుపోతే, మరుసటిసారి ఓబన్న తీసుకుపోతాడు. ఆరు వారాల్లో వాళ్లకు పన్నెండు కూలీలు పోయేచోట మూడే పోతాయి. నాలుగింట ఒక వంతు అని గొప్పగా చెప్పాను. ఈరమ్మ ఒప్పుకోలేదు. "మీ వంతు వచ్చినప్పుడు పిల్లను మీ ఊరికి తెచ్చి ఇడిచేదానికి ఒక పూట, తోడకచ్చుకునేదానికి ఒక పూట. అదెవరు ఏస్తారు పాపా?" నేను నాలుక కరుచుకుని ఒకటి కలిపాను. నాలుగు కూలీలు. మూడింట ఒక వంతు. ఈరమ్మ వేళ్ల మీద తనూ చూసుకుని, "అట్లయితే పోతాము" అంది.

"సోమవారమే తెచ్చి ఇడువప్పా. గుడ్డ మూటకు బదులు బిడ్డనే పరస్తానం పెడదాము" అన్నాడు నాన్న.

చెప్పినంత తేలికగా జరగలేదు. మా అవ్వకు మడి. లచ్చిమి ఎక్కడ పడుకోవాలి, ఏ పళ్లెంలో తినాలి అని ఆమె సణుగుతుండగానే బీబమ్మ గోడ మీదినుంచి, "పరస్తానం పెట్టే ఇల్లు మాది గదవ్వా, పిల్ల మా ఇంట్లో ఉంటాది. ఈ మూటన్నా కూడు తింటాదేమో చూస్తా" అంది. బీబమ్మ ఆ పిల్లకు కోడిగుడ్లు ఉడకబెట్టి పెట్టేది. డాక్టరమ్మ చెప్పింది కూడా అదే. కొన్నాళ్లకు రత్న కూడా సోమవారం సాయంత్రాలు లచ్చిమితో ఆడుకోవాలని పక్కింటికి పోవడం మొదలుపెట్టింది. తిరిగి వచ్చాక ఆకలి లేదనేది. అవ్వ ఆ పిల్ల నోరు వాసన చూడకుండా ముఖం తిప్పుకుని, "ఆటతోనే కడుపు నిండిందిలే" అనేది. మూడో నెలకు లచ్చిమి మా వంటింటి గడప దగ్గర కూర్చుని మజ్జిగ తాగుతుంటే చూశాను. ఏ రోజు నుంచి అట్లా జరిగిందో మాత్రం నా లెక్కల్లో లేదు.

ఓబన్న వంతు మొదటిసారి వచ్చినప్పుడు అమ్మ ఏడ్చింది. "అంత దూరం, ఆసుపత్రి పరిచయం తప్ప ఏమీ తెలియని మనిషితో నా బిడ్డను పంపేదా?" అంది. నాన్న, "రత్నకు అక్కడ నాలుగుసార్లు రక్తం ఎక్కించినారు. ఎవరిదని మనం అడిగినామా?" అన్నాడు. గురువారం మధ్యాహ్నం ఓబన్న ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని వీధిలోకి వచ్చినప్పుడు అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. రత్న చేతిలో ఈతపళ్ల పొట్లం. మళ్లీ ఎప్పుడూ అమ్మ ఆ ప్రశ్న అడగలేదు.

ఇప్పుడు చూస్తే చాలా మారింది. జమ్మలమడుగుకు రైలు వచ్చింది. హైదరాబాదు వేరే రాష్ట్రమైనా, కర్నూలులోనే ఆ వైద్యం దొరుకుతోంది. మందుల ఖర్చు చాలామందికి సర్కారు కార్డు మీద పోతుంది. సరోజ అక్క మేకలు అమ్మనక్కరలేదు. కానీ పోయిన కూలి ఏ కార్డులోనూ రాదు, రెండో బస్సూ మూడో బస్సూ ఇంకా ఉన్నాయి. ఆ సాయంత్రం సరోజా నేనూ సర్దింది వాటికే. నేను ముగ్గురు పిల్లలను దగ్గరగా చూశాను. వ్యాపారి కొడుకు, రత్న, లచ్చిమి. ముగ్గురూ బతికారు. ముగ్గురితో ఏ లెక్కా తేలదని నాకు తెలుసు. ఆ వరండాలో నర్సు పిలిచినా పలకని పేర్లు ఇంకా ఉండేవి. వాళ్ల కాగితాల మీద 'రాలేదు' అని రాసేవారు. ఎందుకు రాలేదో రాసే చోటు ఆ కాగితంలో లేదు. శూలో, జాతరో, మొండితనమో అని అందరం అనుకున్నాము. ఎన్ని బస్సులు మారాలని అడిగినవాళ్లు లేరు. రత్న ఇప్పుడు కడపలో బడిపంతులమ్మ. లచ్చిమి తుమ్మలపల్లె దగ్గర టిఫిను అంగడి పెట్టుకుంది. దోసెలకు చెట్నీలో కారం ఎక్కువ వేస్తుందని పేరు.

చివరి బుధవారం డాక్టరమ్మ అందరినీ రమ్మంది. ఇద్దరు నాన్నలూ, ఇద్దరు పిల్లలూ, ఈసారి నేనూ పోయాము. కాగితాలన్నీ తిరగేసి, ఇక ఏడాదికి ఒకసారి కనపడితే చాలని చెప్పింది. మరునాడు పొద్దున బస్సులో తిరిగి వస్తున్నాము. కండక్టరు మా దగ్గరికి వచ్చి లచ్చిమిని ఎగాదిగా చూశాడు.

"ఈ పాపకెన్నేండ్లప్పా?"

"పన్నెండు లోపలే" అన్నాడు ఓబన్న, చూపు కిటికీ బయట పెట్టి.

"ఏంది, నీ భుజం కాడికొచ్చింది, ఇంగా ఆఫ్ టిక్కెట్టంటావా?"

ఓబన్నకు నిజంగానే తెలియదు. నాన్న వైపు తిరిగాడు. "సామీ, శెనక్కాయ పెరికే దినాల్లో, దీపాల అమాసకు ముందునాడు పుట్టింది. నిండినాయా?" నాన్న నా వైపు చూశాడు. నేను లెక్క వేసి, తెలివితక్కువగా ఉన్నదున్నట్టు చెప్పేశాను. "పన్నెండు నిండి పందొమ్మిది దినాలు." రేటు పెరిగేది అతనికే కదా అని అప్పుడు తట్టి, నోరు మూసుకున్నాను.

ఓబన్న కూతురి ముఖం చూశాడు, ఒత్తుగా పెరిగిన జుట్టు చూశాడు. "పన్నెండు నిండినాయంట" అన్నాడు కండక్టరుతో, ఆయన అడిగింది మరేదో అయినట్టు. పంచె మడతలోంచి దుడ్లు తీసి, "కొట్టప్పా, ఫుల్లే కొట్టు" అన్నాడు.

కర్నూలులో పక్క సీటులోకి ఎవరో పెద్దమనిషి ఎక్కాడు. ఎక్కడికి పోతున్నారని ఆయన మర్యాదకు అడిగితే ఓబన్న ఊరి పేరు చెప్పలేదు. "మా పాపకు ఫుల్లు టిక్కెట్టు సామీ" అన్నాడు. నంద్యాలలో ఆయన దిగి ఇంకొకాయన ఎక్కాడు. ఈయన అడగను కూడా లేదు, ఓబన్నే చెప్పాడు.